తీగ సాగిన బీరు

"ఇదేందన్నా, బెండకాయ పులుసు లెక్క తీగ సాగుతున్నది!" అన్నాడు నిశాంత్, గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

ఇమ్మాన్యుయేల్ కళ్ళు ఆ గ్లాసుకే అతుక్కున్నాయి.

గ్యారేజీ మూల పాతిక లీటర్ల గాజు బుడ్డి పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది. అందులో ఉన్నది మామూలు బీరు కాదు మరి. బెల్జియం వాళ్ళ లాంబిక్ తరహా పుల్ల బీరు. దానికి ఈస్ట్ వెయ్యరు. కాచిన గింజల రసాన్ని చలికాలంలో వెడల్పాటి గిన్నెలో పోసి ఆరుబయట పెడతారు. గాలిలో తిరిగేదేదో వచ్చి వాలాలి, పులియబెట్టాలి. మన తరవాణి కుండ లాంటి వ్యవహారమే. కాకపోతే తరవాణి మూడు రోజుల్లో నోటికొస్తుంది, ఇది మూడేళ్ళు తింటుంది.

మొన్న జనవరిలో, రెడ్‌మండ్ చలిలో, పెరట్లో యాపిల్ చెట్టు కింద ఆ గిన్నె పెట్టి, రాత్రిళ్ళు చెత్తడబ్బాలు వెతుక్కునే రకూన్ జంతువులు మూతి పెట్టకుండా తెల్లవార్లూ కాపలా కాశాడు ఇమ్మాన్యుయేల్.

"షెరిన్ పుట్టినప్పుడు కూడా ఇంత జాగారం చెయ్యలేదు మీరు" అని భార్య నవోమి దెప్పిపొడిచింది.

నిజమే. ఏం చేస్తాడు? ఈ దేశం వచ్చి పదిహేడేళ్ళు కోడ్ రాశాడు. ఇదిగో, ఇది నా చేత్తో చేశాను అని చూపించడానికి ఉన్నది ఆ బుడ్డి ఒక్కటే.

నిశాంత్, కావ్యశ్రీ ఆయన ఆఫీసు పిల్లలే. నెలకో శనివారం ఈ గ్యారేజీలోనే పుల్ల బీరుకి ఓనమాలు దిద్దుకున్నారు. ఈమధ్య రావడం పడలేదు. ఆగస్టు ఎండలో ఇవాళ నవోమి ఫోన్ చేసి రప్పించింది. మంగళవారం పనివాళ్ళొచ్చి గ్యారేజీ మెట్లు పగలగొడతారట. బుడ్డి ఇక్కడ ఉండటానికి వీల్లేదు. బీరు బాగుంటే నిశాంత్ తన అపార్ట్‌మెంట్‌కి పట్టుకెళ్ళి దాస్తాడు. పాడైతే పారబోస్తారు. అదీ సంగతి.

కావ్యశ్రీ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "అమ్మో, వెన్న కరిగించి ఆముదంలో కలిపినట్టుంది!" పోల్చి చూడ్డానికని తెచ్చిన బెల్జియం సీసా తీసి వాసన చూసింది. "ఇది చూడు, నిమ్మతొక్క, తడిగడ్డి, గుర్రాలసాల. ఎంత బాగుందో!"

"గుర్రాలసాల వాసనొస్తే బాగున్నట్టూ, వెన్న వాసనొస్తే పాడైనట్టూనా?" అంది నవోమి. "మీ లోకమే వేరు తల్లీ."

జబ్బు చేసిందిరా దానికి, అంతే. చావలేదు.

ఎండలు ముదిరాక లాంబిక్‌కి వచ్చే జబ్బే అది. బ్రస్సెల్స్ దగ్గర పల్లెటూళ్ళో ఒక ముసలాయన పీపా మీద చెయ్యేసి మరీ చెప్పాడు ఇమ్మాన్యుయేల్‌కి. తీగ సాగిందని పారబోసినవాడు తెలివితక్కువవాడు. ఇంకో ఆరు నెలలు కదపకుండా వదిలెయ్యి. దాని జిగట అదే తినేస్తుంది. ఆ తర్వాత వచ్చే రుచికి సాటి లేదు.

ఈ ఒక్క ముక్కా పిల్లలకి నేర్పలేదు. వేసవిలో కళ్ళకి చూపించి చెబితే మనసులో నాటుకుంటుందని అట్టే పెట్టాడు. బుద్ధి గడ్డి తిని.

ఎదురుగా నవోమి నిలబడి ఉంది. బీరు విషయంలో ఆ ఇంట్లో ఆమెదే పైచెయ్యి. ఆయన బీరు చెయ్యడం మొదలెట్టిన నాటినుంచీ, మూడేళ్ళ తగాదా అది. చర్చి వాళ్ళొస్తే బుడ్డి మీద దుప్పటి లాగేదీ ఆమే, "యాపిల్ జ్యూసండీ" అని బొంకేదీ ఆమే.

"నెట్‌లో చూద్దామా ఒకసారి?" అని ఫోన్ తీశాడు నిశాంత్.

చూడరా. నా తండ్రివి, చూడు.

"నెట్‌లో వందమంది వంద చెప్తారు" అంది కావ్యశ్రీ. "నెట్‌ని కాదు, ముక్కుని నమ్మండి అని అన్నయ్యే కదా అనేవారు."

ఫోన్ జేబులోకి పోయింది. తన పాఠమే తన మెడకి చుట్టుకుంది.

నిశాంత్ గ్లాసు తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. "నువ్వే చూడన్నా. నీ బిడ్డ కదా!"

ముందు వెన్న తగిలింది. ఆ వెనకే సన్నగా, యాపిల్ తొక్క. దాని అడుగున తడిగడ్డి. వచ్చేసింది! జిగటని తినేది లోపల నిద్ర లేచింది. ఆరు నెలలు కూడా అక్కర్లేదేమో. ఇమ్మాన్యుయేల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూసినవా? అన్నకు కూడా కళ్ళల్ల నీళ్ళొచ్చినయ్" అన్నాడు నిశాంత్. "పాడైందని తెలిసిపోయింది పాపం."

కాదురా!

ఇద్దరూ బుడ్డి చెరోవైపు పట్టారు. చిత్రం చూడండి, అప్పుడు అడ్డం వచ్చింది నవోమి. "ఆగండి. ఎంత మురిపెంగా చేసుకున్నారో. ఆయన్నే అడుగుదాం." దగ్గరికొచ్చి వంగి, కళ్ళలోకి చూసింది. "ఏమండీ, ఉంచమంటారా? పారబొయ్యమంటారా?"

ఉంచు నవోమీ. ఉంచు. ఉన్న సత్తువంతా కూడదీసుకుని ఇమ్మాన్యుయేల్ కళ్ళు గట్టిగా మూశాడు.

"చూడలేకపోతున్నారు" అంది నవోమి. "పోనీండి, పారబోసెయ్యండి."

బుడ్డి సింకులోకి వంగింది. గుడగుడమంటూ, చిక్కగా, చాలాసేపు పోయింది. గ్యారేజీ అంతా యాపిల్ తొక్క వాసన.

నవోమి వచ్చి, కిందికి వేలాడుతున్న ఆయన కుడిచేతిని ఎత్తి చక్రాల కుర్చీ మీద సర్ది, ఏప్రిల్‌లో పక్షవాతం కొట్టిన నాటినుంచి ఒక్క మాటా దాటిరాని ఆ పెదవుల్ని చున్నీ కొసతో తుడిచింది.