బండికి కట్టిన గూడు

ఎల్రాయ్ అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. జిల్లేడు మొక్క నుంచి తెంపుకొచ్చిన పచ్చటి గూడు కాడకు తెల్లదారం ముడేసి, పడకలూ వంటగదీ ఉన్న తన మోటార్‌హోమ్ బండి ముందు చక్రం పైన వేలాడదీశాడు.

ఆ గూట్లో మొనార్క్ సీతాకోకచిలుక తయారవుతోంది. రాలిపోయిన గూళ్లను ఇలా దారంతో కట్టి కాపాడటం టెక్సస్‌లో తోట ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. పిరికితనాన్ని కాపాడుకోవడానికి కట్టేవాడు మాత్రం తనొక్కడే అయ్యుంటాడని సిగ్గుపడ్డాడు.

రిటైరైనప్పుడు చర్చిలో అందరి ముందూ కోతలు కోశాడు. "ఈ వసంతంలో మా ఆవిడ లియోనాని అలాస్కా తీసుకెళ్తా. బండి నేనే నడుపుతా!"

బండి వచ్చింది, ఏనుగంత. తెచ్చిన రోజే ఇంటి ముందు తపాలా పెట్టెను గుద్దేశాడు. పక్క సీట్లోంచి లియోనా "ఏం కాలేదులే" అంది. అప్పటినుంచీ స్టీరింగ్ ముట్టుకోవాలంటేనే భయం. ఆవిడేమో ఉన్ని కోట్లతో సహా పెట్టెలు సర్దేసింది. వద్దని ఏ మొహంతో చెబుతాడు?

పక్కింటి డెల్బర్ట్ కంచె మీదుగా తొంగిచూశాడు. "ఏరా, అలాస్కా నుంచి ఎప్పుడొచ్చావు?"

"వెళ్దామంటే ఈ గూడొకటి! బండి కదిలిస్తే ప్రాణి చచ్చిపోదూ?"

"తీసి ఏ కొమ్మకో కట్టరా."

"పచ్చిగూడు. ముట్టుకుంటే పాపం," అన్నాడు ఎల్రాయ్, పొద్దున ముట్టుకున్న చేత్తోనే మీసం దువ్వుకుంటూ.

వరండాలో గులాబీ దారంతో బొంత కుడుతున్న లియోనా నిట్టూర్చింది. "నా రాత! ఊరందరికీ మామూలు మొగుళ్లు, నాకు పురుగుల మీద జాలిపడే మొగుడు. ఉండనీ పాపం. నువ్వు మాత్రం ముట్టుకోకు, డెల్బర్ట్."

ఎల్రాయ్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంత ఓర్పున్న మనిషినా తను మోసం చేస్తున్నది!

అయినా మానలేదు. ఒక సీతాకోకచిలుక ఎగిరిపోతే మర్నాటికి ఇంకో గూడు వేలాడేది. చివరికి తోటలో గూళ్లన్నీ అయిపోవచ్చాయి. జిల్లేడు మొక్కకు ఇంకా ఒక్కటి మిగిలిందని ధీమాగా ఉంటే, తెల్లారేసరికి అదీ మాయం. ఏ పిట్ట ఎత్తుకెళ్లిందో ఏమో!

ఇక తప్పదు. ప్రభువును తలుచుకుని తాళాలు తీసుకున్నాడు. లియోనా అప్పటికే కుట్టుబుట్టతో సహా సీట్లో కూర్చుంది. డెల్బర్ట్ చెయ్యి ఊపుతున్నాడు. కనీసం ముందు అద్దమైనా తుడిచి ఇంకో నిమిషం గడుపుదామని ఎల్రాయ్ గుడ్డ పట్టుకుని వెళ్లాడు.

వైపర్‌కి వేలాడుతున్న పచ్చటి గూడు కాడకు గులాబీ దారం ముడేసి ఉంది.