దిగని మనిషి

ఆ పొద్దున మబ్బు తాటిమట్టల మీదికి దిగిపోయి, ఆకు కదలనివ్వకుండా కూర్చుంది. గాలి ఆడని రోజున సెప్టిక్ ట్యాంకు మూత తీయడమంటే త్రినాథ్‌కి ఇష్టం ఉండదు. లోపలి గ్యాసు ఎక్కడికీ పోదు. గోతి నోటి దగ్గరే కాచుకుని ఉంటుంది.

“ఇంకెంతసేపు నాయనా? మజ్జాన్నానికి సుట్టాలొచ్చేత్తారు,” అంది ఇంటావిడ గున్నమ్మ.

మూతలు రెండూ తీసి గంటయింది. చీపురుపల్లి నుంచి తెచ్చిన ట్యాంకరు బండి వీధిలో గురగురమంటోంది. పైనున్న నీళ్ళన్నీ పైపు లాగేసింది. అడుగున పదిహేనేళ్ళ మడ్డి గట్టిపడి కదలనంటోంది.

“మూడేళ్ళకోపాలి తీయించుంటే ఇలాగైపోయీది కాదమ్మా. యాసిడ్డు కూడా పోసినట్టున్నారు.”

“పోసాం. అయితే ఏటి? మనిషి దిగి పారతో కదిపితే పది నిమసాల పని. నిన్నొచ్చిన బండోడు సొక్కా ఇప్పి దిగిపోతానన్నాడు.”

“మరెందుకు పంపించీసారు?”

“మాట కుదర్లేదు.”

అరుగు మీద కూర్చున్న ఆమె భర్త దాలయ్య ఏదో అనబోయాడు. జూటుమిల్లు మూతపడి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ ఇంటి పట్టునే ఉంటున్నాడట.

“నువ్వుండు,” అంది గున్నమ్మ అటు చూడకుండానే.

త్రినాథ్ గ్యాసు మీటరుకి తాడు కట్టి గోతిలోకి దించాడు. అది కీచుకీచుమని ఎర్రదీపం వెలిగించింది.

“ఆ కీసుపిట్టెందుకు? లాంతరు దింపి సూడు. ఆరకపోతే దిగొచ్చు. మా నూతులకి అలాగే సేసీవోళ్ళు.”

“నూతికి సరే. ఇక్కడ లాంతరు ఆరకపోతే గొయ్యే అంటుకుంటాది.”

ఆమె నవ్వలేదు. అతని కాళ్ళకేసి చూసింది. “ఆ బూట్లు, ఆ సేతి తొడుగులు నువ్వు కొన్నవా, కంపెనీ ఇచ్చిందా?”

“కంపెనీయే.”

“సిరిగిపోతే?”

“మళ్ళీ ఇస్తాది.”

“సోకులు! పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని పెట్టరు.”

తోడొచ్చిన అప్పలసూరి కిసుక్కుమన్నాడు. త్రినాథ్‌కి నవ్వు రాలేదు. ఈ నెలలో ఇప్పటికే రెండిళ్ళు ఇలాగే చేజారాయి. దిగనన్నందుకు ఆ ఇళ్ళవాళ్ళు వెనక్కి పంపేశారు. ఇదీ పోతే ఈ వైపు బండి తిప్పడం దండగని మేనేజరు ధనరాజ్ తేల్చి చెప్పాడు. బండి ఆగితే తనకీ సూరికీ పని ఆగినట్టే.

గున్నమ్మ ఫోను తీసింది. “ఆకరి మాట. దిగుతావా, ఇంకో బండిని పిలుసుకోనా?”

అప్పలసూరి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. “బావా, నడుముకి తాడు కట్టు. ముక్కుకి తువ్వాలు సుట్టుకుని నాలుగు పారలు కదిపొచ్చీస్తాను.”

“నోర్ముయ్.”

“ఇదీ పోతే రేపు ఇంటికాడ ఏటి సెప్పుకుంటావు?”

అంటూనే గోతి అంచున కూలబడి ఒక కాలు లోపలికి జార్చాడు.

త్రినాథ్ ఒక్క ఉదుటున అతని చొక్కా కాలరు పట్టి వెనక్కి ఈడ్చాడు. ఇద్దరూ మట్టిలో వెల్లకిలా పడ్డారు. సూరి మోచెయ్యి దోక్కుపోయింది. గున్నమ్మ చేతిలోని ఫోను కింద పడింది. ఆమె పెదాలు అదురుతున్నాయి. కోపం ముదిరిందనుకున్నాడు త్రినాథ్.

“పిలుసుకోమ్మా,” అన్నాడు లేచి, మట్టి దులుపుకోకుండానే. “ఎవుల్ని కావాలంటే ఆల్ని పిలుసుకో. నేను దిగను. నా మనిషిని దిగనివ్వను. పొమ్మంటే పైపు సుట్టేసుకుని ఇప్పుడే పోతాం.”

గున్నమ్మ వంగి ఫోను తీసి కొంగుతో మట్టి తుడిచింది.

“దిగకుండా అయితే ఎంతసేపు?” అంది చివరికి.

“మూడు గంటలు. నీళ్ళు కొట్టి నాననివ్వాలి. పొడుగు గెడతో పైనుంచే కలియబెట్టి మళ్ళీ లాగాలి. అడుగున బెత్తెడు ఉంచేస్తాం. అందులో ఉన్న కంటికి కనపడని పురుగే రేపు మళ్ళీ ట్యాంకుని నడుపుతాది.”

“సుట్టాలకి నేను సెప్పుకుంటాను. కానీయ్.”

మూడు గంటలు నాలుగయ్యాయి. నడుములు పడిపోయేలా గెడ తిప్పారు. మధ్యలో దాలయ్య అరుగు దిగొచ్చి, ఎవరూ అడక్కుండానే పైపు భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఈసారి గున్నమ్మ వద్దనలేదు. మెట్టు మీద కూర్చుని గోతి అంచున ఉన్న మూడు జతల కాళ్ళనీ రెప్ప వేయకుండా చూసింది.

మూతలు బిగించి, అంచులకు సిమెంటు మెత్తేసరికి పొద్దు వాలింది. చుట్టాలెవరూ రాలేదు. సబ్బుతో చేతులు రుద్దుకుని ఇద్దరూ బండెక్కబోతుంటే గున్నమ్మ అడ్డొచ్చింది.

“కూడు తినీసి ఎల్లండి.”

త్రినాథ్ తన బట్టల వంక చూసుకున్నాడు. “అరుగు మీద పెట్టీయండమ్మా.”

“మా ఇంట కూడు లోపలే తింటారు. రండి.”

వంటింట్లో నాలుగు కంచాలు వరసగా ఉన్నాయి. వేడన్నం, మెత్తళ్ళ ఎండుచేపలేసిన వంకాయ కూర. దాలయ్య పక్కనే త్రినాథ్, ఆ పక్కన సూరి, ఎదురుగా గున్నమ్మ. సూరి దోక్కుపోయిన మోచెయ్యి దాచుకుంటూ తిన్నాడు. ఈవిడ రేపు ధనరాజ్‌కి ఫోను చేసి ఏమేం చెబుతుందోనని త్రినాథ్‌కి ఒకటే దిగులు.

గున్నమ్మ మొగుడి కంచంలో మజ్జిగ పోసింది.

“బండి పనికెల్తానంటన్నావు కదా. సేరితే ఈళ్ళ కంపెనీలోనే సేరు.”