తెగిన చేయి తిరిగొచ్చింది

వెచ్చని సముద్రంలో, పగడాల దిబ్బ మీద ఒక నీలి నక్షత్రచేప ఉండేది. ఒకరోజు పెద్ద శంఖునత్త వచ్చి దాని చేయి పట్టుకుంది. ఎంత గుంజుకున్నా వదల్లేదు. నక్షత్రచేప ఆ చేతిని తెంచేసుకుని పగడాల సందులో దాక్కుంది. ఇంతలో ఒక అల విసురుగా వచ్చి నత్తను దొర్లించేసింది. తెగిన చేయి ఇసుకలో పడిపోయింది.

నెలలు గడిచాయి. నక్షత్రచేపకు కొత్త చేయి మొలిచింది. ఇసుకలో పడ్డ చేతికీ చిట్టి చేతులు మొలిచి, అదీ ఒక నక్షత్రచేప అయింది. మెల్లగా పాకుతూ దిబ్బ మీదికి వచ్చింది.

"నన్నెందుకు వదిలేశావమ్మా?" అని అడిగింది.

"దాన్ని బతికించడానికేనని చెప్పు, నమ్ముతుంది," అని పక్కనున్న పీత ఒకటి తల్లి నక్షత్రచేప చెవిన వేసింది.

తల్లి పిల్ల వైపు తిరిగింది.

"నువ్వు బతుకుతావని నాకు తెలీదు తల్లీ," అంది. "అప్పుడు నా ప్రాణం ఒక్కటే గుర్తొచ్చింది. తర్వాత ఇసుకలోకి దిగి వెతుకుదామనుకున్నాను. భయమేసి దిగలేదు."

పిల్ల ఇక వెళ్ళిపోతుందనుకుంది పీత.

"అబద్ధం చెబుతావేమోనని దారంతా దిగులుపడ్డాను," అంది పిల్ల. పాకుతూ వచ్చి, అమ్మకు కొత్తగా మొలిచిన పొట్టి చేతి పక్కనే సర్దుకుంది.