బ్యారేజీ మీద ఆగిన బండి

గణేష్‌బాబూ, నేను, నాన్నని. నువ్వు మేనమామవయ్యావురా! చెల్లికి బంగారంలాంటి ఆడపిల్ల! తల్లీబిడ్డా క్షేమం.

నొప్పులు మొదలవగానే చెల్లిని మన పాత పెద్దకారులో ఎక్కించాను. ధవళేశ్వరం బ్యారేజీ మీద అది నల్లపొగ కక్కి ఆగిపోయింది.

ఎదురుగా మోపెడ్ మీద మెకానిక్కు లాజరు! పొగా, కుదుపులూ, పొద్దున్నే స్టార్టవకపోవడమూ, అన్నీ అతని వల్లేనని మొన్ననే నలుగురిలో తిట్టి పంపాను. ముఖం దాచుకున్నాను.

“తిట్లు తర్వాత తిడుదురుగానండి, ముందు అమ్మాయిగార్ని దింపండి” అంటూ ఆటో ఆపి, ఆసుపత్రికి చేర్చాడు.

చవకని డీజిల్లో రేషన్ కోటా కిరసనాయిలు కలిపింది నేనేరా, బండి పాడైంది అందుకే.

పాప కబురు మీ పెదనాన్నకీ, పిన్నికీ, మండపేట అత్తయ్యకీ, యానాం బాబాయికీ చెప్పు. లాజరుగారు బండి పాడుచేశారని నేను చెప్పిందీ వీళ్ళకే. కిరసనాయిలు సంగతి కూడా చెప్పు.