అల్లం వద్దన్న నేల

ప్రతి చేనులోనూ ఒక మాట్లాడే గుంజ పాతిన రోజులవి. మట్టి మంచిచెడ్డలు ఆ గుంజ నోట మట్టే చెప్పాలని పై అధికారుల ఏర్పాటు. కొండ కింది వాలులో ఉన్న దొయిమతి అనే ఆవిడ చేను మాత్రం అంతటితో ఆగకుండా గొప్పలు పోయేది.

“నేను గరప నేలను. ఇసుకా, ఒండ్రూ, బంకమన్నూ నాలో సరిగ్గా కలిశాయి. ఎంత వాన కురిసినా నీరు నిలవదు, చెమ్మ పోదు. అలాంటి నాలో అల్లమా? స్ట్రాబెర్రీ వెయ్యి!”

దొయిమతి చేతిలోని బుట్టలోకి చూసింది. అల్లం విత్తనం మొలకలెత్తి ఉంది. కొండ మీద మబ్బు దిగుతోంది. గట్టు మీద కూర్చున్న మొగుడు సోంబు నేల పక్షమే చేరాడు.

“చదువుకున్న నేల. దాని మాట కాదనకే.”

“ఏడాది తిండి ఈ అల్లం మీదే. నేల అలిగితే అరుస్తుంది, నువ్వు అలిగితే పస్తుంటావు. లేచి పార పట్టు!”

ఇద్దరూ మట్టిని ఎత్తుగా బోదెలు పోసి అల్లం నాటుతుంటే, ప్రతి ముక్కకీ గుంజ “పరువు తీశారు” అని ఏడ్చింది. సాయంత్రం కుండపోతగా వాన పడింది. గుంజ నోరు మూతపడింది.

పొద్దున్నే దొయిమతి భయంభయంగా వెళ్లి బోదెలో చెయ్యి పెట్టింది. నీరంతా ఇంకిపోయింది. మన్ను తడిగా, పొడిపొడిగా వేళ్ల మధ్య విడిపోయింది. అల్లం కదల్లేదు. ఆమె కళ్లు చెమర్చాయి.

అప్పుడే గుంజ గొంతు సవరించుకుని, పల్లంలో నీళ్లు నిలిచిన బంకనేలలకు వినబడేలా అంది: “అల్లమే వెయ్యమని నేనే పట్టుబట్టాను.”

“విన్నావా?” అన్నాడు సోంబు. “దాని మాట వినబట్టే బతికిపోయాం.”