ఒకే తొట్టి

పెద్దకోడలికి అత్తగారితో ఒక్కటే పేచీ. ఆవిడ దేన్నీ విడదీయనివ్వదు. ఇంట్లో వేరు కాపురం మాట ఎత్తకూడదు, హేచరీలో చేపపిల్లల్ని రెండు తొట్లలో వెయ్యకూడదు. సైజు చూసి వేరు చేద్దామని కోడలు జల్లెడ కొనుక్కొస్తే, "ఒక తల్లి పిల్లల్ని విడదీస్తే దిగులుతో చస్తాయే" అని దాన్ని కూరగాయల బుట్ట మీద బోర్లించింది.

ఈ పూట మాత్రం విడదీయమని ఆవిడే గొంతు చించుకుంటోంది.

పెద్దకొడుకు తమ్ముడి తలను తొట్టి అంచుకేసి కొట్టాడు. సిమెంటు మీద నెత్తురు చిందింది.

"చెప్పరా! సగం పిల్లల్ని ఎవడికి అమ్మావ్?"

"అమ్మతోడు అన్నయ్యా, నేను ముట్టుకోలేదు!"

"మరి ఏమయ్యాయిరా? చస్తే తేలాలిగా? ఒక్కటి తేలిందా? రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?"

"అమ్ముకునేవాణ్ణయితే వేళకి మేతెందుకు వేస్తాను?"

"నాకే ఎదురు చెప్తావా?"

తొట్టిలోని గాలి గొట్టం పీకి తమ్ముడి వీపు మీద ఛెళ్ళుమనిపించాడు. రెండో దెబ్బ చెవి మీద పడింది. తమ్ముడు కూడా తక్కువ తినలేదు. మేత వేసే ఇనప మగ్గుతో అన్న మూతి పగలగొట్టాడు. పన్నొకటి ఊడి నేల మీద పడింది.

"చంపేస్తాడే! నీ మొగుణ్ణి పట్టుకోవే!" అత్తగారు అరిచింది.

'ఒక తల్లి పిల్లలు కదత్తయ్యా, దిగులు పెట్టుకుంటారేమో' అనే మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, మొగుడి నడుం పట్టుకు లాగింది. మోచేతి దెబ్బకి వెళ్ళి గోడకి కొట్టుకుంది.

పెద్దవాడు తమ్ముడి జుట్టు పట్టుకుని తలను నీళ్ళలో ముంచాడు.

"చెప్తావా, చస్తావా?"

నీళ్ళు ఎర్రబడ్డాయి. తమ్ముడి కాళ్ళు గిలగిలా కొట్టుకున్నాయి. కాసేపటికి ఆ కొట్టుకోవడమూ తగ్గింది. కోడలు చేతివల కర్ర అందుకుని మొగుడి మోకాలి వెనక బలంకొద్దీ ఒక్కటిచ్చింది. అతను కూలబడ్డాడు.

తమ్ముడు నీళ్ళు కక్కుకుంటూ వెనక్కి పడ్డాడు. తడిసిన చొక్కా మడతలోంచి చేపపిల్ల ఒకటి జారింది.

"అదిగో, దొంగ దొరికాడు!" అన్నాడు పెద్దవాడు రొప్పుతూ.

అత్తగారు ఆ పిల్లని అరచేతిలోకి తీసుకుంది. బాగా బలిసింది, వేలెడుంది. నోరు మూతపడలేదు. అందులోంచి ఇంకో చిన్నపిల్ల తోక బయటికి వేలాడుతోంది. ఇంకా ఆడుతోంది.

ఆవిడ తొట్టిలోకి వంగి చూసింది. లావుపాటివి సన్నవాటిని తరిమి తరిమి మింగుతున్నాయి.

తలెత్తి, మూతినిండా నెత్తురుతో ఉన్న పెద్దకొడుకుని చూసింది. నేల మీద వణుకుతున్న చిన్నకొడుకుని చూసింది.

"తప్పు నాదే అమ్మాయ్" అంది కోడలితో. "ఆ జల్లెడ పట్టుకురా. పెద్దవాటిని ఈ పూటే వేరు పెట్టేయ్... నీ మొగుణ్ణి కూడా."