పందేలు అయ్యేదాకా డ్రోన్ లేపొద్దు

“సార్, మా ఊర్ల ఒకడు డ్రోన్ లేపిండు! కాలువ అవతల చేన్ల మీద తిరుగుతుంది. జల్ది రాండ్రి!”

మిద్దె మీద నిలబడి పోలీసులకు ఫోన్ చేసిన జమ్ములమ్మకు కడుపు చల్లబడింది.

జూరాల ప్రాజెక్టు నీళ్లలో దేశదేశాల పడవ పందేలు జరుగుతున్నాయి. అవి అయ్యేదాకా చుట్టుపక్కల ఊళ్లలో డ్రోన్ లేపొద్దని, లేపితే గుంజుకుని కేసు పెడతామని పొద్దున్నే ఆటోలో మైకు పెట్టి చెప్పిపోయారు. వినగానే ఆమెకు పక్క చేను ప్రశాంత్ గుర్తొచ్చాడు. పోయినేడు వాడు తన వరికి డ్రోన్‌తో కొట్టిన కలుపుమందు గట్టు దాటొచ్చి ఆమె మిరప తోటనంతా మాడ్చేసింది. అడగబోతే, “గాలికి నేనేం జేస్త అక్కా?” అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

పందేల బందోబస్తుకొచ్చిన పోలీసు జీపు కాలువ దిక్కు మళ్లడం కనబడగానే చెప్పులేసుకుని అటే ఉరికింది. దారిలో స్వరూప ఎదురైంది.

“యాడికక్కా, గంత ఉరుకుతున్నవ్?”

“ప్రశాంత్‌గాని తమాషా సూడనీకి!”

ఆమె చేరేసరికి డ్రోన్ కానిస్టేబుల్ చేతుల్లో ఉంది. ప్రశాంత్ ఎస్సై ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

“సగమే అయింది సార్. మిరపకు పురుగు వట్టింది. ఈ పొద్దు కొట్టకుంటే పంట దక్కదు.”

“దక్కకుంటే పోనీ!” అరిచింది జమ్ములమ్మ. “నాది మాడినప్పుడు నీకు కండ్లు కానరాలేదా? ఫోన్ జేసింది నేనే సార్. ఈన్ని ఇడువకుండ్రి.”

ప్రశాంత్ నోరు తెరిచాడు. “అక్కా, జర నా మాట ఇను...”

“ఏం ఇనను! బుగ్గి కానీ నీ పంట!”

ఎంత హాయిగా ఉందో ఆమెకు! ఏడాది తర్వాత ఇవాళ కంటినిండా నిద్రపడుతుంది అనుకుంది.

ఎస్సై జీపు తలుపు తీశాడు. “కొట్టేటోడే కాదు, కొట్టించేటోడు గూడ ఎక్కాలె. యాడున్నడు?”

“ఎవడైతేంది, ఆన్ని గూడ ఏసుకపోండ్రి సార్!” అంది జమ్ములమ్మ.

చేనులోంచి గట్టెక్కి వచ్చాడు ఆమె మొగుడు వెంకటన్న, నెత్తిన తువ్వాలతో.

“నీకు జెప్తే వద్దంటవని జెప్పలేదే. పోయినేటి పాపం పోవాలని, పైస తీసుకోకుండ మన మిరపకే కొడుతుండె పోరడు” అంటూ జీపెక్కాడు.